పొగ పుట్టిల్లు కనిపెట్టిన తక్కెడ

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతోందన్న మాట ఈ రోజుల్లో బడి పిల్లలకూ తెలుసు. కార్బన్ డయాక్సైడ్ అని మనం అంటున్నది దాన్నే. అయితే ఈ ఒక్క మాటలో రెండు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఎంత పెరిగింది అన్నది మొదటిది. పెరిగింది ఎక్కడి నుంచి వచ్చింది అన్నది రెండోది. అడవులు కాలిన పొగా? అగ్నిపర్వతాలు కక్కిందా? సముద్రం వదిలిందా? లేక మనిషి నేలలోంచి తవ్వి తీసి తగలబెట్టిన బొగ్గు, చమురులదా? మొదటి ప్రశ్నకు జవాబు ఓపికతో దొరికింది. రెండో ప్రశ్నకు మాత్రం అణువులను బరువును బట్టి వేరుచేసే ఒక యంత్రం కావలసి వచ్చింది. దాని పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. ఈ వారం ఆ యంత్రం కథ, దాన్ని నమ్ముకుని పనిచేసినవాళ్ల కథ చెప్పుకుందాం.

గల్ఫ్‌లో బతుకుతున్న మనకు ఇది పరాయి కథ కాదు. మనలో చాలామంది చమురు కంపెనీల్లో పనిచేయకపోవచ్చు. డ్రైవరో, మేస్త్రీయో, వంటమనిషో, మాలాగా ఆఫీసు గుమాస్తాయో కావచ్చు. కానీ మన జీతం ఎక్కడి నుంచి వస్తోందని వెనక్కి వెతుక్కుంటూ పోతే, చివరికి ఏదో ఒక చమురు బావి దగ్గర ఆగుతాం. ఆ బావిలోంచి వచ్చింది కాలిపోయాక ఎటు పోతోందో తెలుసుకోవలసిన బాధ్యత మనకూ ఉంది. మేం శాస్త్రవేత్తలం కాము. ఇంటర్ దాకా చదివి, ఇక్కడికొచ్చి లెడ్జర్లు, వోచర్లు చూసుకుంటున్నవాళ్లం. అయినా ఈ చరిత్ర చదివితే మాకు బాగా తెలిసిన పనిలాగే కనిపించింది. నిన్నటి నిల్వ, నేటి జమ, ఖర్చు, టాలీ కాకపోతే తేడా ఎక్కడిదో పట్టుకోవడం. అంతే.

అనుమానం పాతది

ఈ వాయువు వేడిని పట్టి ఉంచుతుందని 19వ శతాబ్దంలోనే తెలుసు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది. బొగ్గుపులుసు వాయువు ఉన్న గొట్టమే ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికి కూడా ఎక్కువసేపు పట్టింది. 1859లో లండన్‌లో జాన్ టిండాల్ ఇంకా నికరమైన పరికరాలతో వాయువులు వేడి కిరణాలను ఎలా అడ్డుకుంటాయో కొలిచాడు. 1896లో స్వీడన్‌కు చెందిన స్వాంటే అరీనియస్ గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్కగట్టాడు.

1938లో ఇంగ్లండ్‌లో గై కాలెండర్ అనే ఆవిరి యంత్రాల ఇంజనీరు ఒక అడుగు ముందుకు వేశాడు. వాతావరణ శాస్త్రం అతని ఉద్యోగం కాదు. తీరిక వేళల్లో ప్రపంచం నలుమూలల ఉష్ణోగ్రతల రికార్డులు సేకరించి, భూమి వేడెక్కుతోందనీ, దానికి మనం కాల్చే ఇంధనం ఒక కారణమనీ వాదించాడు. విచిత్రమేమిటంటే అదే 1938లో కువైట్‌లోని బుర్గాన్ దగ్గరా, సౌదీలోని దమ్మాం దగ్గరా చమురు పడింది. ఒక పక్క పొగ లెక్క అడిగిన మనిషి, ఇంకో పక్క కొత్త పొగకు పుట్టిల్లు. ఇద్దరూ ఒకే ఏడాది బయటికొచ్చారు.

కాలెండర్ మాట చాలామంది ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. గాలిలో ఈ వాయువు పదివేల వంతుల్లో మూడు వంతులు మాత్రమే ఉంటుంది. పాత రసాయన పద్ధతుల్లో కొలిచిన అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండేవి. ఊరికో అంకె, పూటకో అంకె. 1950లలో స్కాండినేవియా దేశాల్లో ఎన్నో చోట్ల గాలి పట్టి కొలిచినా ఆ గజిబిజి తీరలేదు. పుస్తకంలో ఎంట్రీలే నమ్మకంగా లేకపోతే నిల్వ పెరిగిందో తగ్గిందో ఎవరు చెప్పగలరు?

సీసాల్లో పట్టిన రాత్రి గాలి

ఈ గజిబిజిని విప్పినవాడు చార్లెస్ డేవిడ్ కీలింగ్. 1928లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసి, 1950ల మధ్యలో కాలిఫోర్నియాలోని క్యాల్‌టెక్ సంస్థలో పరిశోధనకు చేరాడు. అక్కడ అతనికి అప్పగించిన పని నదినీళ్లకు, సున్నపురాయికి, గాలికి మధ్య జరిగే రసాయన బేరాన్ని పరిశీలించడం. దానికి ముందు గాలిలో ఈ వాయువు సరిగ్గా ఎంతుందో తెలియాలి. ఉన్న అంకెలను నమ్మలేక తన పరికరం తనే కట్టుకున్నాడు.

పద్ధతి వినడానికి సులభం. గాలంతా తీసేసి ఖాళీ చేసిన అయిదు లీటర్ల గాజు సీసాను ఆరుబయట తెరిస్తే గాలి లోపలికి దూసుకొస్తుంది. వెంటనే మూత బిగించాలి. ప్రయోగశాలలో ఆ గాలిని ద్రవ నత్రజనితో చల్లబరచిన గొట్టంలోంచి పోనిస్తారు. అది సున్నాకు 196 డిగ్రీల దిగువన ఉండే చలి. ఆ చలికి బొగ్గుపులుసు వాయువు మంచులా గడ్డకట్టి గొట్టానికి అంటుకుంటుంది, మిగతా గాలి వెళ్లిపోతుంది. తర్వాత దాన్ని మళ్లీ వాయువుగా మార్చి, తడి తీసేసి, కచ్చితంగా తెలిసిన కొలత గల పాత్రలో పెట్టి, పాదరసం మట్టాన్ని చూసి ఎంతుందో లెక్కగడతారు. పీల్చి వదిలిన ఊపిరి సీసాలో చేరితే లెక్కంతా పాడవుతుంది కాబట్టి ఊపిరి బిగబట్టి గాలి పట్టాలి.

1955లో కీలింగ్ కాలిఫోర్నియా తీరంలోని బిగ్ సర్ అడవి పార్కులో మకాం వేశాడు. పగలే కాదు, రాత్రి కూడా కొన్ని గంటలకోసారి లేచి సీసా నింపేవాడు. అంత అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. ఆ అనవసరమైన కష్టమే దారి చూపింది. రాత్రి వాయువు పెరుగుతోంది, పొద్దెక్కాక తగ్గుతోంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఏ రోజు చూసినా దాదాపు ఒకే అంకె: పది లక్షల వంతుల గాలిలో సుమారు 310 వంతులు. ఈ కొలతనే పీపీఎం అంటారు. వేరే అడవిలో, ఎడారిలో, కొండ మీద చూసినా మధ్యాహ్నపు అంకె అటూఇటూగా అంతే. అంటే గాలికి ఒక నికరమైన నిల్వ ఉంది. పాతవాళ్ల గజిబిజి గాలిది కాదు, కొలిచిన పద్ధతిది, కొలిచిన చోటుది.

మరి రాత్రి పెరిగే వాయువు ఎక్కడిది? దీనికి పాదరసం జవాబు చెప్పలేదు. అక్కడే మన తక్కెడ రంగంలోకి దిగింది.

అణువుల తక్కెడ

ఇంటర్ కెమిస్ట్రీలో ఐసోటోపుల పాఠం గుర్తుందా? ఒకే మూలకం, ఒకే గుణం, బరువులో మాత్రం తేడా. 1912, 1913 ప్రాంతాల్లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ నియాన్ వాయువును విద్యుత్తుతో అయస్కాంతంతో వంచి చూస్తే ఒక గీత బదులు రెండు గీతలు కనిపించాయి. బరువు 20 ఉన్న నియాన్ ఒకటి, 22 ఉన్నది ఒకటి. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో ఈ పద్ధతిని చక్కని యంత్రంగా మలిచి, ఎన్నో మూలకాలకు ఇలాంటి కవలలు ఉన్నాయని చూపించి, 1922లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

యంత్రం పనిచేసే తీరు ఇది. వాయువును గాలి లేని గొట్టంలోకి చిటికెడు వదులుతారు. వేడెక్కిన తీగలోంచి వచ్చే ఎలక్ట్రాన్లు తగిలి అణువులకు విద్యుదావేశం వస్తుంది. వేల ఓల్టులతో వాటిని ముందుకు తోసి పెద్ద అయస్కాంతం మధ్యగా పోనిస్తే దారి వంగుతుంది. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి. మలుపులో ఖాళీ లారీ, లోడు లారీ తిరిగినట్టు అనుకోండి. చివర పెట్టిన చిన్న గిన్నెల్లో ఏ బరువువి ఆ గిన్నెలో పడతాయి. ఏ గిన్నెలో ఎంత కరెంటు వచ్చిందో చూస్తే ఎన్ని పడ్డాయో తెలుస్తుంది.

బొగ్గుపులుసు వాయువులో మామూలు అణువు బరువు 44. లోకంలోని ప్రతి వంద కార్బన్ పరమాణువుల్లో 99 వరకు కార్బన్-12. ఇంచుమించు ఒకటి కార్బన్-13. అది ఉన్న అణువు బరువు 45. కాబట్టి 44 గిన్నెకు, 45 గిన్నెకు ఉన్న నిష్పత్తి చూస్తే ఆ వాయువులో బరువైన కార్బన్ ఎంతుందో తేలిపోతుంది.

ఈ పనికి యంత్రాన్ని పదునుపెట్టినవాడు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ నీర్. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో బిడ్డ. 1939లోనే నీర్, అతని సహచరుడు గుల్‌బ్రాన్‌సెన్ కలిసి సున్నపురాళ్లలోని కార్బన్ కంటే మొక్కల్లోని కార్బన్ తేలికని చూపించారు. తర్వాత నీర్ రెండు గిన్నెలను ఒకేసారి చదివే ఏర్పాటు చేశాడు. యంత్రంలో కరెంటు కాస్త ఊగిసలాడినా రెండు గిన్నెల్లోనూ ఒకేలా ఊగుతుంది, నిష్పత్తి చెడదు. 1950 నాటికి షికాగోలో మరో సదుపాయం వచ్చింది. తెలిసిన నమూనా కాసేపు, తెలియని నమూనా కాసేపు, కవాటం అటూఇటూ తిప్పుతూ పోల్చడం. పాతకాలపు కిరాణా కొట్టు తక్కెడలో ఒక పళ్లెంలో రాయి, ఒక పళ్లెంలో సరుకు పెట్టినట్టే. ఇప్పటి మంచి యంత్రాలు ఈ నిష్పత్తిలో లక్షకు ఒక వంతు తేడాను కూడా పట్టుకుంటాయి. లక్ష రూపాయల కట్టలో ఒక్క రూపాయి తక్కువైతే చెప్పగలగడం అన్నమాట.

తక్కెడకు రాయి కావాలి కదా. అమెరికాలోని సౌత్ కరోలైనాలో పీడీ అనే నది పేరు మీద ఉన్న రాతిపొరల్లో, కోట్లాది ఏళ్ల కిందటి సముద్రజీవి శిలాజం ఒకటి దొరికింది. దాన్నే తూకపు రాయిగా పెట్టుకున్నారు. వాడగా వాడగా అది అయిపోయింది. 1980లలో వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యంలో వేరే పాలరాయి పొడిని ఆధారంగా చేసుకుని అదే కొలతను నిలబెట్టారు. రాయి మారినా తూకం మారకూడదు. అందుకోసం దేశదేశాల ప్రయోగశాలలు ఒకరి నమూనాలు ఒకరు కొలిచి సరిచూసుకుంటూనే ఉంటాయి.

మొక్కకు తేలికదే ఇష్టం

ఇక్కడ ప్రకృతి మనకు ఒక గుర్తు పెట్టి ఇచ్చింది. కిరణజన్య సంయోగక్రియలో మొక్క గాలిలోని వాయువును పీల్చుకునేటప్పుడు తేలికైన కార్బన్-12ను ఎక్కువగా తీసుకుంటుంది, బరువైన దాన్ని కొంత వదిలేస్తుంది. మన వరి, గోధుమ, కంది, వేరుశనగ, పత్తి, మామిడి వంటివన్నీ తూకపు రాయితో పోలిస్తే వెయ్యికి సుమారు 27 వంతులు తక్కువ చూపిస్తాయి. జొన్న, మొక్కజొన్న, సజ్జ, రాగి, చెరకు మాత్రం వేరే జాతి. వాటి పద్ధతి వేరు కాబట్టి వెయ్యికి 12, 13 వంతులే తక్కువ. అందుకే తేనెలో చెరకు పాకమో, మొక్కజొన్న పాకమో కలిపితే ఇదే యంత్రం పట్టేస్తుంది. తేనెటీగలు వాలే పూలు ఎక్కువగా మొదటి జాతివి, పాకం రెండో జాతిది. నాలుకను మోసం చేయవచ్చు, 45 గిన్నెను చేయలేం.

బొగ్గు అంటే ఏమిటి? కోట్ల ఏళ్ల కిందటి చెట్లు. చమురు అంటే? ఆనాటి సముద్రాల్లో తేలిన సూక్ష్మజీవులు, నాచు. కాబట్టి వాటిలోని కార్బన్ కూడా తేలికదే. మొక్క పెట్టిన ముద్ర అన్ని కోట్ల ఏళ్లు భూమిలో ఉన్నా చెరగలేదు. ఏ దేశంలో ఎన్నేళ్లున్నా మన మాటలో యాస పోనట్టే.

కీలింగ్ బిగ్ సర్ సీసాల్లోని వాయువును క్యాల్‌టెక్‌లోని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూపించాడు. రాత్రి వాయువు ఎంత పెరిగితే కార్బన్ అంత తేలికైంది. తొట్టిలో కొంచెం ఉప్పగా ఉన్న నీళ్లున్నాయనుకోండి. మనం చూడనప్పుడు ఎవరో ఇంకొన్ని నీళ్లు పోశారు. మట్టం ఎంత పెరిగిందో, ఉప్పదనం ఎంత మారిందో తెలిస్తే, పోసిన నీళ్లు ఎంత ఉప్పగా ఉండేవో లెక్కగట్టవచ్చు. కీలింగ్ అదే చేశాడు. రాత్రి కలిసిన వాయువు చెట్ల ఆకుల్లోని కార్బన్‌తో సరిపోయింది. అది అడవి నేలా, చెట్లూ వదిలిన ఊపిరి. 1958లో అచ్చయిన ఈ లెక్క గీసే పద్ధతిని ఇప్పటికీ ప్రపంచమంతా కీలింగ్ పేరుతోనే పిలుస్తారు.

కొండ మీద రోజువారీ రిజిస్టరు

1956లో కీలింగ్‌ను శాన్ డియాగో దగ్గరున్న స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు రోజర్ రెవెల్ పిలిపించుకున్నాడు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం కావడంతో డబ్బు దొరికింది. దక్షిణ ధ్రువంలోనూ, హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద సుమారు 3,400 మీటర్ల ఎత్తులోనూ కొలత మొదలైంది. ఇక్కడ పరారుణ కాంతితో గంటగంటకూ చదివే యంత్రం పెట్టారు. ఆ యంత్రాన్ని సరిచూసేది మాత్రం కీలింగ్ పాదరసపు గొట్టమే. 1958 మార్చిలో వచ్చిన మొదటి అంకె 313.

మౌనా లోవా అగ్నిపర్వతం. మరి దాని మీద కూర్చుని కొలిస్తే దాని వాయువే చదువుతున్నారేమో అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బిలం నుంచి వచ్చే గాలి వీచినప్పుడు అంకె ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. అలాంటి గంటలను గుర్తుపట్టి పక్కన పెడతారు. సముద్రం మీదుగా నిలకడగా వచ్చే గాలినే లెక్కలోకి తీసుకుంటారు.

రెండేళ్లలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, మే నెలకు వాయువు పెరిగి, సెప్టెంబరు, అక్టోబరుకు తగ్గుతుంది. ఉత్తరార్ధగోళంలోని చెట్లన్నీ చిగురించి వాయువును తాగడం, ఆకు రాల్చి వదలడం ఒకే గీతలో కనిపించింది. రెండు, ప్రతి ఏడూ గీత మొత్తం కాస్త పైకి జరుగుతోంది. 1960లోనే కీలింగ్ ఈ మాట అచ్చు వేశాడు.

ఈ రిజిస్టరు ఆగకుండా నడవడం మాత్రం తేలిక కాలేదు. ప్రతిసారీ అదే కొలత ఎందుకు, కొత్తగా ఏం తెలుస్తుంది అని డబ్బిచ్చేవాళ్లు అడిగేవారు. 1964లో బడ్జెట్ కోతల వల్ల మౌనా లోవాలో కొన్ని నెలలు కొలతే ఆగిపోయింది. ఇప్పటికీ ఆ గీతలో ఖాళీ కనిపిస్తుంది. 2005లో కీలింగ్ చనిపోయే దాకా పోరాడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కొడుకు రాల్ఫ్ కీలింగ్ ఆ పని చేపట్టాడు. 2022 నవంబరులో కొండ నిజంగానే బద్దలై లావా రోడ్డునూ కరెంటు లైన్లనూ మింగేస్తే, కొన్నాళ్లు పక్కనున్న మౌనా కియా కొండ మీద కొలిచారు. 2025లో అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ప్రతిపాదనల్లో మళ్లీ ఈ కేంద్రానికి కోత మాట వచ్చింది. రోజూ ఒకే పని చేసేవాడి విలువ, ఆ పని ఆగిన రోజే తెలుస్తుంది. ఆఫీసుల్లో పనిచేసే మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

సాక్షులు ఒక్కొక్కరే వచ్చారు

పెరుగుదల రుజువైంది. ఇక పుట్టిల్లు తేలాలి. మొదటి సాక్ష్యం ఆస్ట్రియాలో పుట్టి అమెరికాకు వచ్చిన హాన్స్ స్యూస్ 1955లో ఇచ్చాడు. కార్బన్‌లో మూడో రకం ఉంది, కార్బన్-14. రేడియోధార్మికమైనది. 5,730 ఏళ్లకోసారి సగమైపోతుంది. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గు, చమురుల్లో అది బొత్తిగా మిగలదు. 20వ శతాబ్దంలో పెరిగిన చెట్ల కలపలో, అంతకు ముందు కలపలో కంటే కార్బన్-14 తక్కువగా ఉందని స్యూస్ చూపించాడు. అంటే పాతాళం నుంచి వచ్చిన పాత కార్బన్ గాలిలో కలిసి కొత్తదాన్ని పలచన చేస్తోంది.

కానీ ఈ సాక్షి గొంతు కొన్నాళ్లు మూగబోయింది. అగ్రరాజ్యాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చడంతో గాలిలో కార్బన్-14 దండిగా తయారైంది. 1963లో ఆరుబయటి పరీక్షలు ఆపే ఒప్పందం కుదిరేనాటికి ఉత్తరార్ధగోళంలో అది దాదాపు రెట్టింపైంది. అప్పుడు బాంబులు తాకలేని కార్బన్-13 మీదే చూపు నిలిచింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. గాలిలో నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు కొంచెం ఉంటుంది. దాని అణువు బరువు కూడా సరిగ్గా 44! చల్లబరిచి పట్టినప్పుడు అదీ కలిసి వచ్చేస్తుంది. వేరే మనిషి అదే పేరుతో వచ్చి మన ఖాతాలో సంతకం పెట్టినట్టు, 44 గిన్నెలో ఎక్కువ చూపిస్తుంది. 1963లో హార్మన్ క్రెయిగ్, కీలింగ్ కలిసి ఈ దొంగ ఎంట్రీని లెక్కగట్టి, పాత అంకెలను దిద్దుకునే దారి చూపించారు. తేడా వెయ్యికి ఒక వంతు కూడా లేదు. అయినా వదల్లేదు. ఎందుకంటే వాళ్లు వెతుకుతున్న మార్పు కూడా అంత చిన్నదే.

ఆ పట్టుదలకు ఫలితం 1979లో దక్కింది. కీలింగ్, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌కు చెందిన విమ్ మూక్, పీటర్ టాన్స్ కలిసి 1956 నాటి గాలినీ, 1978 నాటి గాలినీ పోల్చారు. ఆ 22 ఏళ్లలో గాలిలోని కార్బన్ వెయ్యికి సుమారు 0.6 వంతులు తేలికైంది. 1986లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంవాళ్లు ఇంకా వెనక్కి వెళ్లారు. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగలను కొలిచారు. 18వ శతాబ్దం నుంచి వాయువు పెరుగుతూ, దానితో పాటే కార్బన్ తేలికవుతూ వచ్చిందని తేలింది. ఆవిరి యంత్రాలకు ముందు వెయ్యికి సుమారు 6.4 తక్కువగా ఉన్న విలువ, ఇప్పుడు 8.5 తక్కువకు దిగింది. నిజానికి కాల్చిన ఇంధనం లెక్కన ఇంకా పడాలి. సముద్రాలు, అడవులు తమ పాత కార్బన్‌ను గాలితో మార్చుకుంటూ ఉంటాయి కాబట్టి పడడం కొంత తగ్గింది.

ఇప్పుడు అనుమానితులను వరుసగా నిలబెట్టి చూడండి. అగ్నిపర్వతాల వాయువు గాలిలోని దానికంటే తేలిక కాదు, అదైతే విలువ ఇలా దిగదు. సముద్రం వదిలినా ఇంతగా దిగదు. పైగా సముద్రం వదలడం లేదు, తాగుతోంది. కాలిన అడవులైతే కార్బన్-13 పడుతుంది గానీ, బతికి ఉన్న చెట్టులో కార్బన్-14 ఉంటుంది కాబట్టి అది అంతగా పలచనవదు. రెండూ పడాలంటే ఒక్కటే దారి. ఒకప్పుడు మొక్కై ఉండాలి, కోట్ల ఏళ్లు భూమిలో ఉండాలి. బొగ్గు, చమురు, సహజవాయువు. వీటికి తోడు గాలిలో ఆక్సిజన్ కూడా కొద్దికొద్దిగా తగ్గుతోందని రాల్ఫ్ కీలింగ్ కాంతి యంత్రంతో, మైకేల్ బెండర్ బృందం మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలిచారు. మంట మండితే ఆక్సిజన్ ఖర్చవుతుంది. అగ్నిపర్వతం వదిలిన వాయువుకు ఆ ఖర్చుండదు. అడవులు తగలబెట్టడం, నరకడం వల్ల చేరినదీ కొంత ఉంది. కానీ ఖాతాలో పెద్ద పద్దు తవ్వి తీసిన ఇంధనానిదే.

మన దేశపు గాలి

మన దేశంలోనూ ఈ పని జరిగింది. గోవా తీరంలోని కాబో ద రామా అనే చోట 1993 నుంచి సీసాల్లో గాలి పట్టి ఆస్ట్రేలియా ప్రయోగశాలకు పంపి, వాయువునూ దాని ఐసోటోపులనూ కొలిపించారు. నైరుతి రుతుపవనాలప్పుడు అక్కడికి సముద్రపు శుభ్రమైన గాలి వస్తుంది. చలికాలంలో గాలి తిరిగి దేశం మీదుగా వస్తుంది. రెండింటి తేడా ఆ అంకెల్లో స్పష్టంగా కనిపించింది. తర్వాత లడఖ్‌లోని హాన్లే, పుదుచ్చేరి, పోర్ట్ బ్లెయిర్‌లలోనూ సీసాలు నింపారు. మన వైపు తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనశాలలోనూ, హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లోని ఇస్రో కేంద్రంలోనూ లేజరు కాంతితో చదివే యంత్రాలతో కొలతలు జరిగాయి.

మనకెందుకు?

1958లో 313 దగ్గర మొదలైన అంకె 2013 మేలో ఒక రోజు 400 దాటింది. 2025 మే నెల సగటు 430 దాటింది. మంచు బుడగల లెక్క ప్రకారం ఎనిమిది లక్షల ఏళ్లలో, యంత్రాల కాలానికి ముందు, అది 300 పైకి పోయిన దాఖలా దాదాపు లేదు.

1991లో కువైట్‌లో 600కు పైగా చమురు బావులు తగలబడినప్పుడు ఆకాశం నల్లబడిన సంగతి మన పెద్దవాళ్లలో చూసినవారున్నారు. ఆ నల్లటి పొగ నెలల్లో కిందికి దిగిపోయింది. కంటికి కనపడని బొగ్గుపులుసు వాయువు అలా కాదు. అందులో కొంత వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. 1946లో కువైట్ నుంచి మొదటి ఓడలో వెళ్లిన చమురు తాలూకు కార్బన్ కూడా కొంత ఇవాళ మన తల మీద ఉంది.

2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ఇక్కడ వేసవి మూడు నెలలు పగలు 11 నుంచి 4 దాకా ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఎందుకొచ్చిందో, సైటులో ఇనుము మోసినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏసీ గదిలో కూర్చుని వోచర్లు రాసే మాకంటే వాళ్లకే ఆ లెక్క బాగా తెలుసు. వేడిలో గాలి పెంపు వాటా ఎంత, ఎడారి సహజ గుణం వాటా ఎంత అన్నది వేరే లెక్క. కానీ భూమి మొత్తం వేడెక్కుతుంటే ముందే వేడిగా ఉన్న చోట, నీడ లేని పని చేసేవాడి మీద ముందుగా పడుతుంది. ఊళ్లో వడగాడ్పులకు పొలంలో ఉన్న మన అమ్మానాన్నల మీదా పడుతుంది.

చమురు మీద బతుకుతూ చమురును తిట్టమని మేం చెప్పడం లేదు. ఆ చమురే మన పిల్లల ఫీజు, మన చెల్లెళ్ల పెళ్లి, ఊళ్లో స్లాబు పడ్డ ఇల్లు. అయినా ఒక పద్దు ఎవరి ఖాతాలోదో తెలియనట్టు నటించడం గుమాస్తాకు పనికిరాదు. మనుషులదని తెలియదు, ప్రకృతిదే కావచ్చు అని ఎవరైనా అంటే ఇప్పుడు జవాబుంది. ఆ జవాబు ఉపన్యాసాల్లోంచి రాలేదు. ఊపిరి బిగబట్టి నింపిన సీసాల్లోంచి, 44, 45 గిన్నెల్లోంచి, అరవై ఏళ్లకు పైగా రోజూ రాసిన రిజిస్టరులోంచి వచ్చింది. జమ ఎవరిదో తేలింది. ఖర్చు ఎవరు భరించాలి, ఎంత భరించాలి అన్న లెక్క ఇంకా దేశాల మధ్య టాలీ కాలేదు. ఆ బేరం జరుగుతున్నప్పుడు ఎండలో పనిచేసేవాళ్ల పేరు కూడా ఒక వరుసలో ఉండాలని అడగడం మన హక్కు. అడగాలంటే ముందు లెక్క తెలిసి ఉండాలి.